అరుగుదలకు చోటు చూపిన యంత్రం

కోలర్ అనే అమెరికన్ కంపెనీ 1960లలో తయారుచేసిన కె301 ఇంజన్‌కు పిస్టన్ కొనబోతే, ముందు ఏ సైజు కావాలో చెప్పాలి. అసలు సైజు ఒకటి. దానికన్నా పావు మిల్లీమీటరు లావుది ఒకటి, అర మిల్లీమీటరు లావుది ఒకటి, ముప్పావు మిల్లీమీటరు లావుది మరొకటి. ఇంజన్ కొత్తగా ఉన్నంతకాలం ఈ మూడు లావు పిస్టన్లతో పనే లేదు. సిలిండరు గోడ అరిగి గుండ్రదనం పోయాక, మెషీన్ మీద దాన్ని మళ్లీ గుండ్రంగా చెక్కిస్తారు. అప్పుడు రంధ్రం కాస్త పెద్దదవుతుంది కాబట్టి కాస్త లావు పిస్టన్ కావాలి. ఈ చిన్న పట్టికలో పెద్ద సంగతి ఉంది. ఇంజన్ అరిగిపోతుందని దాన్ని అమ్మినవాళ్లకు అమ్మిననాడే తెలుసు. ఎక్కడ అరుగుతుందో తెలుసు. మూడుసార్లు చెక్కినా మిగిలేంత మందంగా గోడను పోతపోశారు. ఇలాంటి ఇంజన్లున్న అరవై ఏళ్ల నాటి గార్డెన్ ట్రాక్టర్లను తెచ్చి, విప్పి, బాగుచేసి, మళ్లీ తోటలో దున్నించే అభిరుచి ఇవాళ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వేలమందికి ఉంది. ఆ యంత్రాలు ఇంకా పనిచేస్తున్నాయంటే ‘పాతకాలపు ఇనుము గట్టిది’ అని సరిపెట్టుకోవడం మామూలు. నా వాదన వేరు. అవీ అరిగాయి, బాగానే అరిగాయి. కానీ అరుగుదల ఎక్కడ జరగాలో ముందే నిర్ణయించి, ఆ చోటును మార్చుకోవడానికి వీలుగా వాటిని కట్టారు. పునరుద్ధరణ సాధ్యమవుతున్నది అందువల్ల.

గార్డెన్ ట్రాక్టర్ మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్‌కు చిన్న తమ్ముడు. సాధారణంగా 7 నుంచి 18 హార్స్‌పవర్ ఉంటుంది, మూడు నాలుగు వందల కిలోల బరువు తూగుతుంది. ఇంటి వెనక ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు కూరగాయల మడి దున్నడానికీ, గడ్డి కోయడానికీ, చలికాలంలో వాకిట్లో మంచు తోయడానికీ వాడతారు. దీని పూర్వరూపం మన పవర్ టిల్లర్ లాగా మనిషి వెనక నడిచే యంత్రం. వెస్ట్ వర్జీనియాలో బెంజమిన్ గ్రేవ్‌లీ అనే ఫొటోగ్రాఫర్ అలాంటి మోటారు నాగలికి 1916లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకు నాలుగేళ్ల ముందు, 1912లో, ఆస్ట్రేలియాలోని గిల్‌గాండ్రాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్ అనే యువకుడు ఇంజన్ శక్తితో నేలను గిర్రున తిరిగే కత్తులతో తవ్వించే ప్రయోగం మొదలుపెట్టాడు. నేడు మన పల్లెల్లో అద్దెకు తిరిగే ‘రోటవేటర్’ పేరు ఆయన కంపెనీ పెట్టిన వ్యాపారనామమే. అసలైన గార్డెన్ ట్రాక్టర్లు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అమెరికన్ నగరాల శివార్లలో పెద్ద పెరళ్లున్న ఇళ్లు వెలిసినప్పుడు వచ్చాయి. 1946లో ఇండియానాలోని సౌత్ బెండ్‌లో తండ్రీకొడుకులు ఎల్మర్ పాండ్, సెసిల్ పాండ్ వీల్ హార్స్ కంపెనీ పెట్టారు. 1960-61లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ లూయీవిల్ కర్మాగారంలో కబ్ కేడెట్ తయారీ మొదలుపెట్టింది. 1963లో జాన్ డీర్ తన 110 మోడల్‌ను తెచ్చింది. చివరి రెండూ పొలం ట్రాక్టర్ల కంపెనీలన్నది ఇక్కడ ముఖ్యం. కబ్ కేడెట్ వెనక ఇరుసు పెట్టెలోని గేర్లు, 1947లో వచ్చిన ఫార్మాల్ కబ్ అనే చిన్న పొలం ట్రాక్టర్ నుంచి వచ్చాయి. రైతుకు అమ్మే కంపెనీకి ఒక సంగతి అనుభవంతో తెలుసు. నాట్ల వేళో కోతల వేళో బండి ఆగిపోతే రైతు కొత్తది కొనడు, అక్కడికక్కడే విప్పుతాడు. విప్పడానికి వీలుగా లేకపోతే మళ్లీ ఆ కంపెనీ గడప తొక్కడు.

ఇక అరుగుదల సంగతి. కె301 సిలిండరు రంధ్రం 85.7 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 82.5 మిల్లీమీటర్లు. ఇంజన్ నిమిషానికి 3600 సార్లు తిరుగుతున్నప్పుడు పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 10 మీటర్ల వేగంతో పోతుంది. కానీ అది సగటు మాత్రమే. పైకొసకు చేరినప్పుడల్లా పిస్టన్ ఒక్క క్షణం పూర్తిగా ఆగి, దిశ మార్చుకుంటుంది. మధ్యలో వేగంగా జారేటప్పుడు, నీటి మీద చదునైన పెంకు ఎగిరెగిరి పోయినట్టు, పిస్టన్ రింగు పల్చటి నూనె పొర మీద తేలుతుంది. లోహానికి లోహం తగలదు. పైకొసన వేగం సున్నా అయినప్పుడు ఆ తేలడం ఉండదు. సరిగ్గా అక్కడే మంట రగిలి, వేడీ పీడనమూ అన్నిటికన్నా ఎక్కువగా ఉంటాయి. నూనె పొర పల్చబడి రింగు గోడకు ఒరుసుకుంటుంది. అందుకే సిలిండరు అంతా ఒకేలా అరగదు. పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ అరిగి, కంటికి కనిపించనంత సన్నటి గరాటు ఆకారానికి వస్తుంది. రింగు చేరని చిట్టచివర మాత్రం అసలు కొలత అలాగే ఉండి, వేలితో తడిమితే చిన్న గట్టు తగులుతుంది. పాత ఇంజన్ హెడ్ విప్పినవాళ్లు మొదట చేసే పని ఆ గట్టును గోటితో తడిమి చూడటం. ఆ తర్వాతే మైక్రోమీటరుతో పైనా మధ్యలో కిందా, అడ్డంగా నిలువుగా కొలుస్తారు. ఆ కొలతలను బట్టి ఎన్నో సైజు పిస్టన్ వేయాలో తేలుతుంది. మన ఊళ్లలో మోటారు సైకిల్‌కు బోరింగ్ చేయించడం, బావి మీద డీజిల్ ఇంజన్‌కు లైనరు మార్పించడం తెలిసినవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

ఈ పనికి పోత ఇనుము ఎందుకు కుదిరిందో దాని లోపలి అల్లిక చెబుతుంది. బూడిదరంగు పోత ఇనుములో బరువులో మూడు శాతానికి పైగా కార్బన్ ఉంటుంది. అందులో ఎక్కువ భాగం గ్రాఫైట్ రేకులుగా ఇనుము మధ్య చెదిరి ఉంటుంది. పెన్సిల్ మొన కాగితం మీద జారినట్టే ఈ రేకులు కందెనగా పనిచేస్తాయి. రేకు ఊడిపోయిన చోట మిగిలే సన్నటి గుంట నూనెను పట్టి ఉంచుతుంది. కంపనాన్ని కూడా ఇవి మింగేస్తాయి. ఇదే లోహంలోని లోపం, అంటే దెబ్బ తగిలితే వంగకుండా పగలడం కూడా ఆ రేకుల వల్లే వస్తుంది. పగలడానికి సిద్ధంగా ఉన్నా అరగడానికి తొందరపడని లోహాన్ని సిలిండరుకు ఎంచుకోవడం తెలిసి చేసిన పని.

సిలిండరు ఈ కథలో ఖరీదైన భాగం. చవకైన భాగాల్లో కూడా ఇదే ఆలోచన కనిపిస్తుంది. స్పార్క్ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్లు కె301 లాంటి ఒకే సిలిండరున్న కె శ్రేణి ఇంజన్లలో రెండు చుట్లకొకసారి తెరుచుకుంటాయి. 3600 వేగంతో గంటసేపు నడిస్తే లక్షా ఎనిమిది వేల సార్లు. ఆ మొనలు కాలి గుంటలు పడతాయి. ఎవరూ ఆపలేరు. అందుకని వాటిని ఇంజన్ లోపల దాచకుండా పక్కన చిన్న మూత కింద పెట్టారు. అర మిల్లీమీటరు సందు ఉంచి బిగించడానికి ఒక ఫీలర్ గేజ్, ఒక స్క్రూడ్రైవర్ చాలు. మంచు తోసే యంత్రంలో రాయి చిక్కుకుంటే గేర్లు విరగకుండా ముందుగా తెగిపోయే షియర్ పిన్ పెట్టారు. మన ఎద్దుబండికి చక్రం జారకుండా శీల ఉన్నట్టే ఇదీ ఒక శీల, కాకపోతే దీని కర్తవ్యం తెగిపోవడం. ఖరీదైనదాన్ని కాపాడటానికి చవకైనదాన్ని అడ్డం పెట్టడం, గట్టిదాని పక్కన మెత్తనిదాన్ని ఉంచి మెత్తనిది అరిగేలా చూడటం, అరిగేదాన్ని చేతికి అందేచోట అమర్చడం: ఈ మూడూ కలిస్తే యంత్రం మరమ్మతుకు లొంగుతుంది.

అరుగుదలకు చోటు చూపించవచ్చు గానీ తుప్పుకు చూపించలేం. పాత ట్రాక్టర్లను చంపేది ఎక్కువగా పని కాదు, పని లేకపోవడం. ఏళ్ల తరబడి కొట్టంలో నిలిపిన ఇంజన్‌లో తేమ చేరి, సిలిండరు గోడకు పట్టిన తుప్పు పిస్టన్‌ను బిగించేస్తుంది. ఇనుము తుప్పుగా మారితే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ పట్టు చాలా గట్టిది. ఇక్కడ భౌతికశాస్త్రం ఒక తమాషా చేస్తుంది. కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు దాన్ని నిప్పుల్లో కాల్చి వ్యాకోచింపజేస్తాడు. ఇరుసుకు బిగుసుకుపోయిన చక్రం హబ్‌ను ఊడదీయడానికీ అదే సూత్రం పనిచేస్తుంది, బయట ఉన్నదాన్ని వేడిచేస్తే వదులవుతుంది. కానీ బిగుసుకున్న పిస్టన్‌తో అలా కుదరదు. పిస్టన్ అల్యూమినియం, గోడ పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా రెండింతలు వ్యాకోచిస్తుంది. రెండూ కలిసి 50 డిగ్రీలు వేడెక్కితే 85.7 మిల్లీమీటర్ల పిస్టన్, దాని చుట్టూ ఉన్న రంధ్రం కన్నా దాదాపు 0.05 మిల్లీమీటర్లు ఎక్కువ లావెక్కుతుంది. అంటే వేడికి ఇంకా బిగుస్తుంది! చల్లారినప్పుడు మళ్లీ వెనక్కి తగ్గుతుంది. అందుకని తెలిసినవాళ్లు వేడిమీదే బలం ఉపయోగించరు. వేడిచేస్తారు, చల్లారనిస్తారు, పల్చటి నూనె పోస్తారు, మళ్లీ వేడిచేస్తారు. వ్యాకోచ సంకోచాల మధ్య తుప్పు పొర చిట్లుతుంది, ఆ పగుళ్లలోకి నూనె తనంత తానే పాకుతుంది. రోజులు పడుతుంది. సుత్తితో తొందరపడితే పగిలేది పోత ఇనుమే.

బయటి ఇనుప భాగాల మీది తుప్పును వదిలించడానికి విద్యుద్విశ్లేషణ చక్కటి దారి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి వాషింగ్ సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని 12 వోల్టుల ఛార్జర్ నెగటివ్ కొసకూ, ఒక పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్ కొసకూ తగిలించి ముంచుతారు. ఎర్రటి తుప్పులో కొంత క్షయకరణం చెంది నల్లటి పొరగా మారుతుంది, బుడగలుగా వచ్చే హైడ్రోజన్ మిగతాదాన్ని వదులు చేస్తుంది, బ్రష్‌తో రుద్దితే ఊడిపోతుంది. గరుకు కాగితంతో గీకితే తుప్పుతో పాటు మంచి లోహమూ పోతుంది. ఈ పద్ధతి మంచి లోహాన్ని ముట్టదు, కొలతలు చెడవు. అయితే రెండు ప్రమాదాలున్నాయి. హైడ్రోజన్ పేలే వాయువు కాబట్టి ఈ పని ఆరుబయట చేయాలి, నిప్పురవ్వ దగ్గరికి రాకూడదు. పాజిటివ్ కొసన స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, దానిలోని క్రోమియం విషపూరిత రూపంలో నీళ్లలోకి దిగుతుంది.

నిలవున్న యంత్రానికి మరో శత్రువు పెట్రోలు. నెలల తరబడి నిలిస్తే ఆక్సీకరణం చెంది జిగురై, కార్బ్యురేటర్‌లోని సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న ఇంధనం సుమారు అర శాతం నీటిని కలుపుకోగలదు. అది దాటితే నీరూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగి, అక్కడి లోహాన్ని తినడం మొదలుపెడతాయి. పాత రబ్బరు, కార్క్ సీళ్లు ఇథనాల్‌ను తట్టుకోవు. పెట్రోలులో ఇథనాల్ వాటా 2025 నాటికి 20 శాతానికి చేరిన మన దేశంలోనూ పాత స్కూటర్లు దాచుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. పాత యంత్రాన్ని మ్యూజియంలో పెట్టినట్టు ముట్టకుండా ఉంచడమే దాన్ని కాపాడటం అనుకునేవాళ్లకు నా జవాబు ఇదే. నూనె ప్రతి మూలకూ చేరాలన్నా, సీళ్లు తడిగా ఉండాలన్నా, తేమ వేడికి ఆవిరైపోవాలన్నా ఇంజన్ అప్పుడప్పుడూ పనిచేయాలి. తోటలో దున్నిన ట్రాక్టరే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఇప్పుడు నా వాదనకు ఎదురొచ్చే బలమైన అభ్యంతరం. మిగిలినవాటినే చూసి పాతవన్నీ గట్టివంటే ఎలా, పాడై తుక్కులోకి పోయినవి మన కళ్లబడవు కదా? నిజమే. ఆ దశాబ్దాల్లోనే పల్చటి రేకులతో చవగ్గా చేసిన గడ్డికోత బండ్లు ఎన్నో వచ్చాయి, వాటి ఆనవాలు అరుదు. అందుకే పాతదంతా మంచిదని నేను అనడం లేదు. మిగిలినవాటిలో ఏ గుణాలున్నాయో విడదీసి చూపవచ్చని అంటున్నాను. ఆ గుణాలు లేనిచోట మంచి యంత్రం కూడా ఓడిపోవాలి, అప్పుడే వాదన నిలిచినట్టు. అలాగే జరిగింది. కబ్ కేడెట్, జాన్ డీర్, వీల్ హార్స్ పోటీదారులైనా ముగ్గురూ కోలర్ కె శ్రేణి ఇంజన్లను వాడారు. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగు బండ్లన్నిటికీ అవే పిస్టన్లు, అవే పాయింట్లు సరిపోతాయి. కోట్లాది గంటలు తిరిగిన ఒకే శ్రేణికి గిరాకీ ఉంది కాబట్టి విడిభాగాలు ఇప్పటికీ వేరేవాళ్లు తయారుచేస్తున్నారు. అదే టెకమ్సే కంపెనీ పోత ఇనుప ఇంజన్లు ఇనుములో ఏమీ తీసిపోవు. ఆ కంపెనీ 2008 చివర్లో చిన్న ఇంజన్ల తయారీ ఆపేశాక వాటి విడిభాగాల వేట కష్టమైంది. లోహం బలం ఒక్కటే నిర్ణయించి ఉంటే రెండిటి గతీ ఒకేలా ఉండేది.

కె శ్రేణి లోపల కూడా ఈ సూత్రం తప్పిన చోట్లున్నాయి. వాటిని దాచడం న్యాయం కాదు. ఈ శ్రేణిలో ఒకే సిలిండరున్న ఇంజన్లకు నూనె పంపు లేదు. కనెక్టింగ్ రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె నూనెను కొట్టి లోపలంతా చిమ్ముతుంది. నూనె తగ్గినా, బండి బాగా ఏటవాలుగా నిలిచినా అల్యూమినియం రాడ్ ఎండి, పట్టుకుపోయి, విరిగి, పోత ఇనుప గోడను పగలగొట్టుకుని బయటికొస్తుంది. చవకైనదే ముందు పోయింది గానీ పోతూ ఖరీదైనదాన్ని వెంట తీసుకుపోయింది. 10 హార్స్‌పవర్, ఆ పైబడిన కె ఇంజన్లలో చాలావాటికి కంపనం తగ్గించడానికి రెండు బ్యాలెన్స్ గేర్లు పెట్టారు. వాటి బేరింగులు అరిగి గేరు ఊడితే మొత్తం బ్లాకు ధ్వంసమవుతుంది. అందుకని ఇంజన్ విప్పిన ప్రతివాళ్లకూ ఆ గేర్లను తీసేయమని అనుభవజ్ఞులు సలహా ఇస్తారు. బండి కొంచెం ఎక్కువ వణుకుతుంది, బ్లాకు బతుకుతుంది. యాభై ఏళ్ల వాడకం చెప్పిన ఈ సంగతి తయారీదారు గీసిన బొమ్మలో లేదు.

రెండో అభ్యంతరం పొగ గురించి, దీనికి నేను సగం లొంగుతాను. ఈ ఇంజన్లలో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి. మంట రగిలే గది అడ్డంగా పరుచుకుని ఉండటంతో చల్లటి గోడల దగ్గర ఇంధనం పూర్తిగా కాలక బయటికి పోతుంది. సంపీడన నిష్పత్తి సుమారు 6. ఆదర్శ లెక్కలో దాని గరిష్ఠ సామర్థ్యం 51 శాతం, నిష్పత్తి 9 ఉంటే 58 శాతం. వాస్తవంలో రెండూ ఇందులో సగానికి లోపే. అమెరికా ప్రభుత్వం చిన్న ఇంజన్ల పొగ మీద 1997 మోడళ్ల నుంచి నిబంధనలు పెట్టాక ఇలాంటి ఇంజన్ల కాలం ముగిసింది. ‘కొత్తది చేయడానికయ్యే కాలుష్యం తప్పుతుంది కదా’ అని అభిమానులు అంటుంటారు. లెక్క వేద్దాం. టన్ను ఉక్కు తయారీకి దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, 300 కిలోల బండికి 600 కిలోలు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. గంటకు 3 లీటర్లు తాగుతుందనుకుంటే 87 గంటల్లో ఆ ఆదా ఖర్చయిపోతుంది. ఏటా 15 గంటలు దున్నేవాళ్లకు అది ఆరేళ్ల మాట. వేసవంతా వారంవారం గడ్డి కోసేవాళ్లకు రెండేళ్లలోపు తీరిపోతుంది. కాబట్టి వారంవారం కోతకు పాత పెట్రోలు ట్రాక్టర్‌ను సమర్థించలేను. ఆ పనికి బ్యాటరీ యంత్రమే నయం. చిత్రమేమంటే అలాంటి గార్డెన్ ట్రాక్టర్ కూడా పాతదే దొరుకుతుంది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1969లో ఎలెక్-ట్రాక్ పేరుతో విద్యుత్ గార్డెన్ ట్రాక్టర్లు అమ్మడం మొదలుపెట్టింది, 1970ల మధ్యలో మానేసింది. పెద్ద మోడళ్లలో 6 వోల్టుల సీసం బ్యాటరీలు ఆరు, మొత్తం 36 వోల్టులు. వాటిలో అరిగేవి ముఖ్యంగా బ్యాటరీలూ మోటారు బ్రష్షులూ. రెండూ విప్పి మార్చేవే. నేటికీ వాటికి కొత్త బ్యాటరీలు వేసి నడుపుతున్నవాళ్లున్నారు.

భద్రత విషయంలో మాత్రం పాతదనానికి గౌరవం ఇవ్వక్కర్లేదు. డ్రైవరు సీటు మీంచి లేస్తే ఇంజన్‌ను ఆపేసే స్విచ్ చాలా పాత బండ్లకు లేదు, తిరిగే బెల్టులకు మూతలూ సరిగా ఉండవు. పాత రంగులో సీసం, పాత బ్రేకు క్లచ్ పొరల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటిని పొడిగా గీకి దుమ్ము రేపకూడదు. సీటు స్విచ్ తగిలిస్తే బండి అసలు స్వరూపం చెడుతుందని కొందరు బాధపడతారు. వేళ్లు పోగొట్టుకోవడం అసలు స్వరూపంలో భాగం కాదు. నిజానికి అసలు స్వరూపాన్ని ఎక్కువగా చెరిపేది అద్దంలా మెరిసే కొత్త రంగే. ప్రదర్శనలో నిలిపిన బండి రంగు కింద సిలిండరు కొలత ఎంతుందో ఎవరూ అడగరు. మాసిన రంగుతో, సరైన కొలతలతో మడి దున్నే బండినే నేను పూర్తిగా పునరుద్ధరించినదని అంటాను.

మూడుసార్లు చెక్కించాక, ముప్పావు మిల్లీమీటరు పిస్టన్ కూడా అరిగిపోయాక ఏమిటి? అప్పటికి 476 ఘన సెంటీమీటర్ల ఇంజన్ 485కి పెరిగి ఉంటుంది, చెక్కడానికి ఇంక లావు పిస్టన్ దొరకదు. బ్లాకు మాత్రం పాడవలేదు. రంధ్రాన్ని ఇంకా పెద్దదిగా చెక్కి, అందులో పోత ఇనుప గొట్టం ఒకటి దించుతారు. గొట్టం బయటి కొలత రంధ్రం కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది. బ్లాకును వేడిచేసి, గొట్టాన్ని బాగా చల్లబరిచి దించితే, రెండూ ఒకే వేడికి వచ్చేసరికి బండి పట్టా చక్రాన్ని పట్టినట్టు పట్టేసుకుంటాయి. ఆ తర్వాత గొట్టం లోపలివైపు 85.7 మిల్లీమీటర్లకు చెక్కుతారు. ఇప్పుడు పిస్టన్ కొనేటప్పుడు మళ్లీ అసలు సైజే అడగాలి.